ఇంట్లో పడిందన్న బండ

ప్రేమమ్మ కుడిచేతికి చిటికెన వేలు, ఉంగరపు వేలు లేవు. మధ్యవేలు ఉంది గాని వంగదు. కొత్తగా చూసినవాళ్లు ఎట్లా పోయాయని అడిగితే "కడపలో బండల పనిలో పాయ" అని చెబుతుంది. ఆ చిన్న మాట ఆమె నోటికి రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

ఆమెది కోడుమూరు దగ్గరి పల్లె. పుట్టిల్లు, అత్తిల్లు పక్కపక్క ఊళ్లే. రెండు చోట్లా తాతల కాలం నాటి చర్చిలున్నాయి. పెళ్లయిన తర్వాత చాలా ఏళ్లు ఆ రెండు చర్చిల గంటలు వినబడే దూరం దాటి ఆమె ఎక్కడికీ పోలేదు. భర్త లేవికి మూడెకరాల మెట్ట. వాన పడితే ఆముదం, కంది వేస్తారు. పడకపోతే ఇద్దరూ కూలికి పోతారు. వరసగా వానలు ఎగ్గొట్టి, వేయించిన బోరులో కూడా దుమ్మే లేచిన ఏడాది, కూతురు సుజనను పుట్టింట్లో వదిలి, ఇంటికి తాళం వేసి మొగుడూ పెళ్లాలు కడప బస్సెక్కారు.

కడప ఊరి బయట ఒక బండల పాలిష్ యూనిట్లో ఇద్దరికీ పని దొరికింది. గనుల నుంచి లారీల్లో వచ్చే నల్లబండలను అక్కడ కోసి, నునుపు పట్టి, ఇళ్ల గచ్చులకూ వంటింటి గట్లకూ పంపుతారు. లేవిది లారీలకు ఎత్తే పని, దించే పని. మిషన్ మీంచి వచ్చిన బండలను కడిగి, తుడిచి, ఇనుప స్టాండుకు ఆనించి వరసగా నిలబెట్టడం ప్రేమమ్మ పని. ప్రహరీ లోపలే వెనక మూల రెండు రేకుల గదులున్నాయి. ఒకదాంట్లో వీళ్లు, పక్కదాంట్లో ఆత్మకూరు నుంచి వచ్చిన మహేశ్వరి, ఆమె భర్త ఉండేవాళ్లు.

యూనిట్ యజమాని వీరభద్రను పనివాళ్లంతా సావుకారు అని పిలిచేవారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఒకసారి ఊళ్లో సుజనకు విషజ్వరం వచ్చిందని ఫోనొస్తే, బస్సుల కోసం చూడకుండా తన జీపులోనే వీళ్లను కోడుమూరు పంపాడు. పండగకు ఆడవాళ్లకు చీరలు పెట్టేవాడు. మాట కూడా ఎప్పుడూ గట్టిగా అనేవాడు కాదు. అందుకే ప్రేమమ్మకు ఆయన మీద మంచి గురి ఉండేది. ఆమె చేసిన పొరపాట్లు చాలావరకు ఆ గురిలోంచి వచ్చినవే.

ప్రమాదం మధ్యాహ్నం జరిగింది. లారీ వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు తొందర పెడుతున్నాడు. స్టాండుకు ఆనించిన బండల మధ్య చెక్కముక్కలు పెట్టాలి. ఆ రోజు చివరి వరసలో ఎవరూ పెట్టలేదు. ప్రేమమ్మ ఒక బండను నిలబెట్టి వెనక్కి తిరిగేసరికి అది జారడం మొదలుపెట్టింది. రాయి పడేటప్పుడు చేయి అడ్డం పెట్టకూడదని పనిలో చేరిన మొదటి రోజే మేస్త్రీ చెప్పాడు. ఆమెకూ తెలుసు. కానీ చేయి దానంతట అదే ముందుకు పోయింది. బండకూ బండకూ మధ్య వేళ్లు నలిగిపోయాయి.

మేస్త్రీ అయ్యన్న, మహేశ్వరి ఇద్దరూ పరుగున వచ్చి బండను లేపారు. లేవి ఆ సమయంలో లోడుతో ఊళ్లోకి పోయి ఉన్నాడు. చేతికి తువ్వాలు చుట్టి, యూనిట్ ఆటోలోనే ప్రేమమ్మను ఎక్కించుకుని ఇద్దరూ ఆసుపత్రికి బయలుదేరారు. దారిలో అయ్యన్నకు ఫోనొచ్చింది. విని, పెట్టేసి, కాసేపు రోడ్డు వైపు చూసి, అప్పుడు అన్నాడు.

"ప్రేమమ్మా, డాక్టరు అడిగితే ఇంట్లో నీళ్లతొట్టి మీది మూతబండ పడిందని చెప్పు."

"ఏంటికన్నా?"

"యూనిట్లో అంటే పోలీసులొస్తారు. కేసు రాస్తారు. మిషన్లకు తాళం పడితే అందరి పనీ పోతాది. సావుకారే చెప్పమన్న్యాడు. కర్చంతా ఆయప్పే చూసుకుంటాడంట."

మహేశ్వరి చేతికి చుట్టిన తువ్వాలును ఇంకొంచెం బిగించింది. ప్రేమమ్మకు నొప్పికి కళ్లు తిరుగుతున్నాయి. అయినా అయ్యన్న మాట ఆమెకు స్పష్టంగానే అర్థమైంది.

ప్రైవేటు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అయ్యన్నను అడగలేదు. ప్రేమమ్మనే అడిగాడు.

"ఎట్లా జరిగిందమ్మా?"

"ఇంట్లో తొట్టి మీది బండ పడింది సార్."

ఆయన అదే రాసుకున్నాడు. పనిచోటా, ఇల్లా అని మళ్లీ అడగలేదు. సాయంత్రానికి రెండు వేళ్లు తీసేశారు.

మర్నాడు వీరభద్ర భార్యతో కలిసి చూడడానికి వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు నయమయ్యేదాకా నీ వారం కూలి నీకిస్తా ప్రేమమ్మా. ఆ తర్వాత చేతనైన పని చూపిస్తా. నువ్వు దేనికీ బెంగపడొద్దు" అన్నాడు.

ఆయన పోయాక లేవి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మాట కాగితం మీద రాయమందామా ప్రేమా?"

"సావుకారు మన బిడ్డకు జీపు పంపినోడు. రాయమంటే మనల్ని ఏమనుకుంటాడు?" అంది ప్రేమమ్మ.

లేవి మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డబ్బు కట్టింది సావుకారు కాబట్టి ఎక్స్‌రేలూ కాగితాలూ అన్నీ అయ్యన్న చేతికిచ్చారు. అవి యూనిట్ ఆఫీసుకు పోయాయి. వాటి నకలు మనకూ ఒకటి ఉండాలని అప్పట్లో వాళ్లిద్దరిలో ఎవరికీ తట్టలేదు.

వీరభద్ర కొన్ని నెలలు మాట నిలుపుకున్నాడు. శనివారం శనివారం డబ్బు పంపేవాడు. గాయం మానాక ప్రేమమ్మకు ఊడ్చే పని, టీ కాచే పని ఇచ్చాడు. కూలి సగానికి తగ్గింది. ఆమె దాని గురించి ఏమీ అడగలేదు. ఆ తర్వాత బండల వ్యాపారమే పడిపోయింది. ఇళ్లు కట్టేవాళ్లు టైల్స్ వైపు మళ్లారు. వీరభద్ర యూనిట్‌ను వేరేవాళ్లకు లీజుకిచ్చాడు. వచ్చినవాళ్లు తమ మనుషులను తెచ్చుకున్నారు. మహేశ్వరిని, ఆమె భర్తను ఉంచుకున్నారు. టీ కాచడానికి మనిషి అవసరం లేదన్నారు. లేవిని మాత్రం లోడు ఉన్నప్పుడు రమ్మన్నారు.

ప్రేమమ్మ వీరభద్ర ఇంటికి పోయింది.

"ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు ప్రేమమ్మా. కొన్నాళ్లు ఓర్చుకో. ఏదో ఒకటి చేద్దాం" అన్నాడాయన.

ఆమె ఓర్చుకుంది. వాయిదాల మీద వాయిదాలుగా ఆ కొన్నాళ్లు సాగిపోయాయి. గది కూడా ఖాళీ చేయమన్నాక ఇద్దరూ సామాను మూట కట్టుకుని సొంత ఊరు చేరారు.

ఊళ్లో పని దొరకడం కష్టమైంది. ఎడమచేత్తో కలుపు తీయడం నేర్చుకుంది గాని వరసలో వెనకబడేది. పత్తి ఏరేటప్పుడు తోటివాళ్లు రెండు సాళ్లు దాటేసరికి ఆమె ఒక సాలు మధ్యలో ఉండేది. కూలి గుంపును కట్టే ఆమె ఒకరోజు నొచ్చుకుంటూనే చెప్పింది. "నువ్వుంటే మిగతావాళ్లు గొణుగుతాండారు వదినా. ఏమీ అనుకోవద్దు." ప్రేమమ్మ ఏమీ అనుకోలేదు. మర్నాటి నుంచి పోవడం మానేసింది.

వికలాంగుల పింఛను వస్తుందేమోనని లేవి ఆమెను కర్నూలు పిలుచుకుపోయాడు. సర్టిఫికెట్ ఇచ్చే శిబిరంలో జనం బారులు తీరి ఉన్నారు. ఆమె పక్కన చంకకర్ర పెట్టుకున్న ఒకాయన కూర్చున్నాడు. బేతంచెర్ల వైపు గనిలో కాలు పోగొట్టుకున్న మనిషి. మాటల్లో ప్రేమమ్మ చేయి ఎట్లా పోయిందో లేవి చెప్పాడు.

"లేబర్ ఆఫీసులో కేసు యేసినారా?" అని అడిగాడాయన.

"అదేంది?"

"పనిలో దెబ్బ తగిల్తే యజమాని పరిహారం కట్టల్లప్పా. రెండేండ్ల లోపల అర్జీ పెట్టల్ల. దాటితే ఆలస్యమెందుకయిందని సవా లక్ష అడుగుతారు. నేను పెట్టి తెచ్చుకున్న్యా."

అంతలో ప్రేమమ్మను లోపలికి పిలిచారు. డాక్టరు చేయి తిప్పి చూసి, ఎలా జరిగిందని అడిగాడు.

"ఇంట్లో తొట్టి మీది బండ పడింది సార్" అంది.

లేవి ఆమె ముఖంలోకి చూశాడు. డాక్టరు రాసుకుని పంపేశాడు. బస్సులో చాలా దూరం వచ్చాక లేవి అడిగాడు.

"ఇప్పుడేంటికి అట్ల చెప్తివి? ఈడ సావుకారూ లేడు, అయ్యన్నా లేడు."

"తెలీదు. నోటికి వచ్చేసింది" అంది ప్రేమమ్మ.

ఆ తర్వాత కోడుమూరు వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో ఆ మాట అన్నప్పుడు భయం వల్ల అన్నానని, నలుగురి పని కోసం అన్నానని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఈ రోజు ఆ కారణాలేవీ లేవు. చెప్పీ చెప్పీ అది నిజమైన సంగతి లాగా నోట్లో కూర్చుంది. బస్సు దిగుతూ, "కడపకు పోదాం. ఆయప్ప చెప్పిన ఆఫీసు యాడుండాదో కనుక్కో" అంది.

కడప కోర్టులో పేదవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టే ఆఫీసు ఉంది. అక్కడ వీళ్ల కేసును శివకుమారి అనే న్యాయవాదికి అప్పగించారు. నడివయసు మనిషి. వినేటప్పుడు తల ఎత్తకుండా రాసుకుంటుంది. ప్రేమమ్మ చెప్పిందంతా విన్నాక ఒక్కొక్కటే అడిగింది.

"దెబ్బ తగిలినట్టు యజమానికి రాతమూలకంగా ఇచ్చారా?"

"లేదమ్మా. ఆయప్పకు తెలుసు గదా అని."

"పోలీసులకు చెప్పారా?"

"లేదు."

"ఆసుపత్రి కాగితాలు?"

"సావుకారు దగ్గరుండాయి."

"హాజరు పుస్తకంలో మీ పేరు ఉందా?"

"ఉందో లేదో నాకు తెలీదు. శనివారం పిలిచి దుడ్లు చేతికిచ్చేటోళ్లు."

శివకుమారి కలం మూసి పక్కన పెట్టింది. కోప్పడలేదు. "ఇంకా గడువుంది. ఎక్కువ లేదు. అది మాత్రం మంచిది" అంది. ఈ అర్జీ కర్నూల్లోనైనా పెట్టుకోవచ్చని, కాకపోతే సాక్షులందరూ ఈ వైపే కాబట్టి కడపలోనే నయమని చెప్పింది.

లేవి కుర్చీ అంచుకు జరిగాడు. "మేడం, ఎట్లాగూ రాస్తాండాము గదా, మిషన్ బెల్టులో చేయి పడిందని రాస్తే గట్టిగా ఉంటాదేమో. కూలి కూడా ఇంకొంచెం ఎక్కువేసి..."

"బెల్టులో పడితే గాయం వేరేగా ఉంటుంది. వాళ్ల వకీలు డాక్టర్ని అదే అడుగుతాడు. ఒక్క మాట తప్పని తేలితే మిగతావన్నీ ఎవరూ నమ్మరు" అంది శివకుమారి.

"వద్దప్పా" అంది ప్రేమమ్మ భర్తతో. "ఒగ అబద్ధం చెప్పినందుకే ఇన్నాళ్లు పట్టింది. ఇంకోటి నేను మోయలేను."

శివకుమారి ఆసుపత్రికి దరఖాస్తు పెట్టి రికార్డు నకలు తెప్పించింది. అందులో ఇంట్లో బండ పడి గాయమైనట్టు ఉంది. చెప్పింది రోగి అని కూడా ఉంది. లేవి ముఖం వాడిపోయింది. శివకుమారి మాత్రం ఆ కాగితాన్నీ, అదే మాట ఉన్న కర్నూలు శిబిరం కాగితాన్నీ అర్జీకి ముందు జతపరిచింది.

"వాళ్లు బయటపెట్టేదాకా ఆగితే మనం దాచినట్టవుతుంది. ఇట్లా చెప్పాను, ఇందుకు చెప్పాను అని మనమే మొదట రాద్దాం" అంది.

వీరభద్రకు రిజిస్టరు పోస్టులో నోటీసు పోయింది. నాలుగు రోజులకే ఆయన ఫోన్ చేశాడు.

"ఇదేంది ప్రేమమ్మా, కేసుల దాకా పోతివి? నేను పరాయోణ్ణా? ఇంటికి రాండి, మాట్లాడి ఎంతో కొంత చేతిలో పెడ్తా. ఒగ కాగితం మీద సంతకం పెట్టి పోదురు."

లేవికి పోదామనే ఉంది. ప్రేమమ్మ వకీలును అడిగింది. "రాజీ పడొచ్చు. అందులో తప్పు లేదు. కానీ ఆయన ఇంట్లో వద్దు. లేబర్ ఆఫీసులో అధికారి ముందర, అక్కడి రికార్డులో రాయించుకుందాం. అట్లయితే మీకు ఎంత రావాలో, ఆయన ఎంత ఇస్తున్నాడో అధికారే చూస్తాడు" అని శివకుమారి చెప్పింది. ప్రేమమ్మ ఆ మాటే వీరభద్రకు చెప్పింది. ఆయన ఆఫీసుకు రాలేదు. ఫోన్ కూడా మళ్లీ చేయలేదు.

ఇక సాక్షులు కావాలి. ప్రేమమ్మ మొదట మహేశ్వరి దగ్గరికి పోయింది. అదే ప్రహరీ, అదే రేకుల గది. మహేశ్వరి గడపలోనే నిలబడి మాట్లాడింది.

"నేను చూసినా అక్కా. లేదనను. కానీ మేము ఈన్నే ఉండాము. నేనొచ్చి చెప్తే ఆ మర్నాడే మా సామాను బయట పడ్తాది. పిల్లోణ్ణి ఈడ బడిలో యేసినాము."

"నువ్వు కూడా ఆటోలో ఉంటివి గదా" అంది లేవి.

"ఊరుకో అప్పా" అని ప్రేమమ్మ అతన్ని ఆపింది. మహేశ్వరి ఇచ్చిన మజ్జిగ తాగి ఇద్దరూ వచ్చేశారు. బయట రోడ్డు మీద లేవి చాలాసేపు కోపంగా మాట్లాడాడు. మహేశ్వరి స్థానంలో ఉంటే తాను ఏం చేసేదో ప్రేమమ్మకు తెలుసు. చేసి చూసింది కూడా.

మేస్త్రీ అయ్యన్న కడప వదిలి బేతంచెర్లలో ఇంకో యూనిట్లో పని చేస్తున్నాడని తెలిసింది. ప్రేమమ్మ, లేవి బస్సులు మారి అక్కడికి పోయారు. అయ్యన్న తలకు తువ్వాలు చుట్టుకుని బండల మీద గీతలు గీస్తున్నాడు. వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. ముందుగా ఆమె చేయి చూశాడు.

"తిట్టడానికొస్తివా?" అన్నాడు.

"లేదన్నా. అడగడానికొచ్చినా." విషయమంతా చెప్పింది.

అయ్యన్న కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చాడు. "నేనే చెప్పమన్నానని చెప్తే నా మీద కేసొస్తాదేమో."

"రావచ్చు. రాకపోవచ్చు. నాకు తెలీదన్నా. వకీలమ్మను అడిగి చెప్పమంటే చెప్తా."

"సావుకారు నాకూ బాకీ ఉండాడనుకో. అందుకే చెప్తాండానంటారు."

"అదీ అంటారు."

ఆయన వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బస్టాండు దాకా తోడు వచ్చి, ఇద్దరికీ టీ ఇప్పించి, తన ఫోన్ నంబరు చెప్పాడు.

లేబర్ ఆఫీసులో కేసు నెమ్మదిగా నడిచింది. ఒకసారి వీరభద్ర తరఫున ఎవరూ రాలేదు. ఇంకోసారి అధికారి సెలవు. ప్రేమమ్మ ప్రతిసారీ తెల్లవారకముందే లేచి, సంగటి మూట కట్టుకుని కడప పోయి, అర్ధరాత్రికి తిరిగొచ్చేది. ఒక మధ్యవర్తి వరండాలో పట్టుకుని, ఈ వకీలమ్మతో కాదు, నేనయితే తొందరగా తెప్పిస్తా, వచ్చినదాంట్లో సగం నాకు చాలు అన్నాడు. లేవి వివరాలు అడగబోయాడు. ప్రేమమ్మ కొంగు సర్దుకుని లోపలికి పోయి శివకుమారి పక్కన కూర్చుంది.

వీరభద్ర జవాబు దాఖలు చేశాడు. ప్రేమమ్మ తన యూనిట్లో పనిమనిషే కాదన్నాడు. మొగుడు అప్పుడప్పుడు లోడింగుకు వచ్చేవాడని, పాపమని గది ఇచ్చానని, ఇంట్లో దెబ్బ తగిలితే మానవత్వంతో ఆసుపత్రి ఖర్చు భరించానని రాయించాడు.

ప్రేమమ్మను విచారించిన రోజు గదిలో ఫ్యాను పెద్ద చప్పుడుతో తిరుగుతోంది. వీరభద్ర వకీలు ఆసుపత్రి కాగితం చేతిలో పట్టుకుని లేచాడు.

"డాక్టరుకు ఇట్లా చెప్పింది మీరేనా?"

"నేనే సార్."

"ఎవరైనా మీ గొంతు మీద కత్తి పెట్టారా?"

"లేదు సార్."

"కర్నూలు శిబిరంలో కూడా ఇదే చెప్పారు. అక్కడ ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. అలవాటయిపోయి చెప్పినా."

"మీరు చర్చికి పోతారు కదా. అబద్ధం చెప్పడం తప్పు కాదా?"

"తప్పే సార్."

"అయితే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

ప్రేమమ్మ వకీలు వైపు కాకుండా అధికారి వైపు చూసి చెప్పింది.

"ఆసుపత్రిలో చెప్పింది అబద్ధం సార్. నా నోటితోనే చెప్పినా. యూనిట్ మూస్తే అందరి పనీ పోతాదన్న్యారు. సావుకారు చూసుకుంటాడని నమ్మితిని. బండ మాత్రం ఇంట్లో పడలేదు. స్టాండు మీంచి పడింది."

శివకుమారి లేచి ఒకటే ప్రశ్న వేసింది. "మీరు ఉన్న గదిలో నీళ్లతొట్టి ఉండేదా?"

"యాడ తొట్టమ్మా. యూనిట్ కొళాయి దగ్గర బిందెలతో పట్టుకుంటాంటిమి."

తర్వాతి వాయిదాకు అయ్యన్న వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, వరండా చివర ఒంటరిగా కూర్చున్నాడు. లోపల నిలబడి, ఆటోలో తనకు ఫోన్ వచ్చిందని, సావుకారు చెప్పమన్నదే తాను ప్రేమమ్మకు చెప్పానని, ఆమె రోజూ బండలు కడిగే పని చేసేదని చెప్పాడు. బాకీ ఉన్నందుకే చెబుతున్నావా అని వకీలు అడిగాడు. "బాకీ ఉండేది నిజమే సార్. బండ పడిందీ నిజమే" అన్నాడు అయ్యన్న. సంతకం పెట్టి, ప్రేమమ్మతో ఎక్కువ మాట్లాడకుండానే బస్సుకు పోయాడు.

వీరభద్రను శివకుమారి అడిగింది తక్కువే. ఆ గదిలో తొట్టి ఉందా అని అడిగితే లేదన్నాడు. ఇంట్లో దెబ్బ తగిలిన మనిషిని పనివేళలో యూనిట్ ఆటోలో, యూనిట్ మేస్త్రీ ఎందుకు తీసుకుపోయాడని అడిగితే, దగ్గర్లో ఉన్నాడు కాబట్టి అన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి వారం వారం డబ్బు ఎందుకు పంపారని అడిగితే, జాలితో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ప్రేమమ్మ వైపు చూడలేదు.

ఆ రోజు మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. లేవి నీళ్లు తాగడానికి పోయి ఉన్నాడు.

"నా మీద శానా కోపంగా ఉండావా ప్రేమమ్మా?" అన్నాడు వీరభద్ర.

"కోపం కాదు సావుకారు. నేను మీ పనిమనిషినే కాదని రాసినారు. అది చదివి వినిపిస్తే కష్టమాయ."

"వకీలు అట్ల రాయల్లన్న్యాడు."

"నేను కూడా ఎవరో చెప్పమంటేనే చెప్తిని" అంది ప్రేమమ్మ.

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఉత్తర్వు వచ్చేసరికి ఇంకో ఎండాకాలం గడిచింది. ప్రేమమ్మ యూనిట్ కార్మికురాలేనని, గాయం పనిలో ఉండగానే జరిగిందని అధికారి రాశాడు. ఆసుపత్రిలో అబద్ధం చెప్పడం ఆమె తప్పేనని, అయితే దాని కారణాన్ని ఆమె మొదటి నుంచీ దాచలేదని కూడా రాశాడు. కూలికి రుజువు లేదు కాబట్టి కనీస వేతనం మీదే లెక్క కట్టారు. ఆమె నిజంగా తెచ్చుకున్న కూలి దానికంటే ఎక్కువే. ఒక్క శనివారమైనా చీటీ రాయించుకుని ఉంటే ఆ తేడా వచ్చేదని శివకుమారి చెప్పింది. వడ్డీ మాత్రం ఇమ్మన్నారు. వీరభద్ర డబ్బు జమ చేయడానికి మరికొన్ని నెలలు తీసుకున్నాడు. వసూలుకు మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. చివరికి బ్యాంకులో పడింది.

అది జీవితాలను మార్చేసేంత సొమ్ము కాదు. కొంత సుజన చదువుకు పక్కన పెట్టారు. మిగిలినదాంతో మేకలు కొన్నారు. మేకలు కాయడానికి పది వేళ్లు అక్కర్లేదని ప్రేమమ్మే ఆలోచించింది. లేవి ఇప్పటికీ లోడింగుకు పోతాడు. ఈసారి ఆదోనిలో. శనివారం డబ్బు తీసుకునేటప్పుడు చీటీ అడుగుతాడు. కొందరు ఇస్తారు. కొందరు నవ్వుతారు.

డబ్బు వచ్చిన నెలలోనే ఒక ఆదివారం పాస్టరుగారు ఆరాధనలో ప్రేమమ్మను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు న్యాయం జరిగించాడని నలుగురికీ తెలియాలన్నది ఆయన ఉద్దేశం. ప్రేమమ్మ వద్దంది. ఆడవాళ్లు పక్కనుంచి మోచేతులతో పొడిచారు. ఇక తప్పక లేచి నిలబడింది. కొంగు కుడిచేతి మీదికి లాక్కుంది.

"నాకు ఎక్కువ చెప్పను రాదు. మన ఊర్లో సగం మంది పనులకు బయటికే పోతాండారు. దెబ్బ తగిలితే యాడ తగిలిందో ఆన్నే తగిలిందని డాక్టరుకు చెప్పండి. ఆ కాగితం ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. యజమాని మంచోడైనా సరే."

అంతే చెప్పి కూర్చుంది. దీన్ని సాక్ష్యం అనొచ్చో లేదో తెలియక కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు తర్వాతి పాట నంబరు చెప్పారు. వెనక వరసలో బెంగళూరు పనికి పోవడానికి టికెట్టు తీసుకున్న ఒకతను మాత్రం ఆరాధన అయ్యాక బయట ఆమె కోసం నిలబడ్డాడు. కాంట్రాక్టరు పేరు, చిరునామా తెలియకపోతే ఏం చేయాలని అడిగాడు. తనకు తెలియదని చెప్పి, శివకుమారి ఫోన్ నంబరు ఇచ్చింది ప్రేమమ్మ. అప్పటికే ఎండెక్కింది. మేకలు దొడ్లో అరుస్తుంటాయని తొందరగా ఇంటిదారి పట్టింది.